ఇత్తడి రేకు, మా మామ, ఒక ఇంగ్లీషు మాట

ఇంగ్లీషులో మెరుపుకు ఎన్ని మాటలున్నాయో! గ్లిటర్, స్పార్కిల్, షైన్ లాంటివి బడి పిల్లలకు కూడా తెలుసు. వాటి వెనకాల పెద్దగా ఎవరి నోటా వినబడని మాట ఒకటుంది. క్లింక్వంట్. పలికేటప్పుడు ఇంచుమించు ‘క్లింకంట్’ అంటారు. బంగారు రేకులతో తళతళలాడేది అని దాని అర్థం. ఇంగ్లీషు బాగా చదివినవాళ్లు కూడా చాలామంది ఈ మాట దగ్గర ఆగి నిఘంటువు తీస్తారు. నాకు మాత్రం ఆ మాట కంటబడితే చాలు, పెంబర్తిలో మా మేనమామ కొట్టు, ఆయన సుత్తి చప్పుడు, కాలిన లక్క వాసన అన్నీ కలిసి మీదికొస్తాయి. ఎక్కడి ఇంగ్లీషు మాట, ఎక్కడి పెంబర్తి అంటారేమో. చెప్తాను.

మాది జనగామ దగ్గర పల్లె, విశ్వకర్మల ఇల్లు. మా దిక్కు అవుసులోళ్లు అంటారు. బాపు బంగారం, వెండి పని చేసేవాడు. అరుగు మీద కుంపటి, ఊదుగొట్టం, గీటురాయి, గురిగింజలేసి తూచే చిన్న త్రాసు, ఇదే ఆయన ప్రపంచం. అమ్మ తమ్ముడేమో పెంబర్తిలో ఇత్తడి రేకు పని చేసేవాడు. బావ బంగారం, బామ్మర్ది ఇత్తడి. ఇద్దరూ కలిస్తే ఎవరి లోహం గొప్పదన్న వాదన లేకుండా అన్నం ముందర కూర్చున్నది నేను చూడలేదు.

పెంబర్తి హైదరాబాద్ నుంచి వరంగల్ వచ్చే దారిలో, జనగామకు కొంచెం ఇవతల ఉంటుంది. ప్యాసింజర్ బండి ఆగే చిన్న స్టేషన్ కూడా ఉంది. కాకతీయుల కాలం నుంచి అక్కడ రేకు పని సాగుతున్నదని పెద్దవాళ్లు చెప్పుకుంటారు. దేవుడి వాహనాలకు తొడుగులు, గర్భగుడి తలుపుల రేకులు, మకర తోరణాలు, కవచాలు ఆ ఊరి నుంచి ఎన్నో గుళ్లకు పోయాయి. నవాబుల కాలంలో అవే చేతులు పాన్‌దాన్లు, అత్తరు డబ్బాలు చేశాయి. ఇప్పుడు పెంబర్తి లోహకళకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ఎండాకాలం సెలవులొస్తే నన్ను మామ దగ్గర దించేవాళ్లు. కొట్టంటే పెద్దదేమీ కాదు, పెంకుటింటి వసారా. నేల మీద లక్క పరుపు ఉండేది. లక్క, గుగ్గిలం, ఇటుక పొడి, కొంచెం నూనె కలిపి కాచి పోసిన ముద్ద అది. చల్లారితే గట్టిపడుతుంది, సెగ తగిలితే మెత్తబడుతుంది. మామ ఇత్తడి రేకును కత్తెరతో కావలసిన కొలతకు కత్తిరించి, గీతలు గీసుకుని, లక్క మీద బోర్లా అతికించి, వెనక నుంచి చిన్న చిన్న ఉలులతో కొట్టేవాడు. వెనక గుంట పడ్డచోటల్లా ముందు ఉబ్బుతుంది. అట్లా ముఖం లేచాక రేకును తిప్పి, ముందువైపు నుంచి కనుబొమలు, ముక్కుపుటాలు, కిరీటంలోని పూలు తీర్చేవాడు. సింహం ముఖంలో పెదవి చివర ఒక చిన్న ముడత ఉంటుంది చూడండి, ఒక్క పొద్దంతా ఆ ముడత మీదనే కూర్చునేవాడు. “గీడ తప్పితే సింహం నవ్వినట్టయితది బిడ్డా” అనేవాడు.

ఇత్తడి గుణం ఒకటుంది. కొట్టినకొద్దీ బిగుసుకుంటుంది. బిగుసుకున్నదాన్ని ఇంకా కొడితే పగులుతుంది. అందుకని మధ్యమధ్యలో లక్క మీద నుంచి లేపి, ఎర్రగా కాల్చి చల్లార్చి మళ్లీ మెత్తన చేయాలి. ఎప్పుడు కాల్చాలో మామకు చెవి చెప్పేది. రేకును ఒక మూల పట్టుకొని వేలాడదీసి, గోటితో టక్కున ఒక్క దెబ్బ వేసేవాడు. రేకు ఖణేల్మని సాగదీసి మోగితే తల ఊపేవాడు.

“ఇన్నవా? రేకు ఒర్లుతాంది. ఇగ కొట్టద్దు, కాల్చాలె.”

కాల్చి తెచ్చినాక నా చేతికిచ్చి నన్ను కొట్టమనేవాడు. అదే రేకు, అదే గోరు, కానీ చప్పుడు బొంగురుగా, మూగగా వచ్చేది. మళ్లీ సుత్తి పడ్డకొద్దీ దాని గొంతు దానికి తిరిగి వచ్చేది. పసితనంలో అది నాకు ఆట. పెద్దయ్యాక చదువుకున్న లోహశాస్త్రం పుస్తకంలో ఇదే సంగతి నాలుగు పేజీల్లో ఉంటే, మా మామ దీన్ని ఒక గోటి దెబ్బతో చెప్పాడు కదా అనుకున్నాను.

చివరి పని అత్తది. వేడి చేసి లక్క వదిలించి, యాసిడ్ నీళ్లలో ముంచి తీసిన రేకును చింతపండుతో తోమేది. అప్పటిదాకా నల్లగా, మచ్చలు మచ్చలుగా ఉన్న దేవుడి ముఖం ఆ పులుసు కింద నుంచి పచ్చగా పైకి వచ్చేది. అత్త గాజులు రేకు అంచుకు తగిలి మోగుతుండేవి. నీళ్లు పోసి ఎండలోకి ఎత్తేసరికి వసారా పైకప్పు మీద వెలుగు కదిలేది. ఆ మోత, ఆ వెలుగు నాకు వేరువేరుగా గుర్తు లేవు. రెండూ ఒకటే జ్ఞాపకం.

ఇంటర్ అయ్యాక హనుమకొండలో డిగ్రీలో చేరాను. 1980ల మొదటి రోజులవి. జనగామలో బండెక్కి కాజీపేటలో దిగి, అక్కడి నుంచి బస్సు. మా ఇంగ్లీషు సార్‌ది పాఠం మధ్యలో కథల్లోకి వెళ్లిపోయే అలవాటు. పరీక్షల టెన్షన్‌లో ఉన్నవాళ్లు విసుక్కునేవాళ్లు. నేను మాత్రం ఆ కథల కోసమే ముందు బెంచీలో కూర్చునేదాన్ని.

ఒకరోజు ఆయన 1520 జూన్‌లో ఫ్రాన్స్ నేల మీద జరిగిన ఒక కలయిక గురించి చెప్పారు. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ, ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్సిస్ కలే పట్టణం దగ్గర ఒక మైదానంలో కలుసుకున్నారు. పేరుకు స్నేహం, లోపలంతా పంతం. నీ వైభవమా నా వైభవమా అని ఇద్దరూ ఖజానాలు దులిపేశారు. మనుషులకే కాదు, డేరాలకు కూడా జరీబట్ట కట్టారు. చరిత్రలో ఆ చోటుకు ‘జరీబట్టల మైదానం’ అనే అర్థమొచ్చే పేరే నిలిచిపోయింది. దాదాపు వందేళ్ల తర్వాత షేక్‌స్పియర్, ఫ్లెచర్ కలిసి రాసిన ‘ఎనిమిదో హెన్రీ’ నాటకం మొదట్లోనే ఆ సంబరం చూసొచ్చిన ఒక ప్రభువు, జ్వరంతో మంచం పట్టి చూడలేకపోయిన ఇంకో ప్రభువుకు అదంతా వర్ణిస్తాడు. మొదటి రోజు ఫ్రెంచివాళ్లు ఒంటినిండా క్లింకంట్, ఒంటినిండా బంగారంతో, అన్యమత దేవుళ్ల మాదిరి వెలిగి ఇంగ్లీషువాళ్లను వెలవెలబోయేటట్టు చేశారట. మరునాడు ఇంగ్లీషువాళ్లు బ్రిటన్‌నే ఇండియా చేసేశారట. నిలబడ్డ ప్రతి మనిషీ ఒక గనిలా కనబడ్డాడట.

సార్ ఆ మాటను బోర్డు మీద రాసి, కింద గీత గీసి, “ఇది ఎప్పుడైనా విన్నారా?” అని అడిగారు. ఎవరమూ వినలేదు. ఆయన అర్థం చెప్పి ముందుకు పోయారు. 1613 జూన్ 29న ఇదే నాటకం ఆడుతుండగా పేల్చిన ఫిరంగి వల్ల గడ్డికప్పుకు నిప్పంటుకుని గ్లోబ్ నాటకశాల మొత్తం కాలిపోయిందని కూడా చెప్పారు. క్లాసంతా ఆ మంట దగ్గర ఆగింది. నేను దేవుళ్ల దగ్గర ఆగాను. అన్యమత దేవుళ్లంటే వాళ్ల లెక్కలో మన దేవుళ్లలాంటివాళ్లే కదా. ఒంటినిండా పసుపు రేకు తొడుక్కొని వెలిగే దేవుడు ఎట్లా ఉంటాడో లండన్‌లో నాటకం చూసినవాళ్లు ఊహించుకోవాలి. నేను ఆ దేవుళ్ల కవచాలు కొట్టే వసారాలో సెలవులు గడిపినదాన్ని.

ఇండియా అన్న మాట కూడా నన్ను పట్టుకుంది. ఆ కాలపు యూరప్‌కు ఇండియా అంటే సంపదకు మారుపేరు. ఆ పేరు రావడంలో మన ఓరుగల్లు రాజ్యానికీ పాలుంది. 13వ శతాబ్దం చివర్లో మార్కోపోలో మోటుపల్లి సీమను ఒక రాణి గొప్పగా ఏలుతున్నదనీ, అక్కడ వజ్రాలు దొరుకుతాయనీ రాశాడు. లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే వజ్రాలు వాటికి అతుక్కుంటాయనీ, గద్దలు వాటిని పైకి తెస్తాయనీ విన్న కథ కూడా కలిపాడు. ఆ రాణి మన రుద్రమదేవి అని చరిత్రకారులు చెప్తారు.

సాయంత్రం బండికి ఇంకా టైముందని రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయానికి వెళ్లాను. 1904లో హనుమకొండలో పెట్టిన గ్రంథాలయం అది. నిజాం రాజ్యంలో తెలుగు చదువు కోసం ఆరాటపడ్డవాళ్లు కట్టుకున్న ఇల్లు. తెలుగు కోసం పుట్టిన చోట కూర్చొని నేను ఆ రోజు వెతికింది ఇంగ్లీషు మాటను. లావుపాటి నిఘంటువు, చిన్న చిన్న అక్షరాలు. దొరికింది.

మెరుపు అన్న అర్థం తర్వాతది. ముందున్నది మోత. ఫ్రెంచిలో క్లాంకే అనే పాత క్రియ ఉండేది, మోగడం, గలగలలాడడం అని. దాని వెనక డచ్ వాళ్ల క్లింకెన్, లోహం ఖణేల్మనడం. పలచటి బంగారు రేకులు, వెండి రేకులు బట్టకు కుడితే నడిచినప్పుడల్లా ఒకదానికొకటి తగిలి మోగుతాయి, మోగుతూనే మెరుస్తాయి. అట్లా మోగేది అన్న మాటే మెరిసేది అయింది. 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషులోకి వచ్చి చేరింది. ఇంకో సంగతి చదివినప్పుడు నాకు లేచి నిలబడాలనిపించింది. ఆ తర్వాత ఈ మాట బంగారానికి బదులు వాడే పలచటి రేకుకు కూడా పేరయింది. డచ్ గోల్డ్ అంటారు దాన్ని. పేరులోనే గోల్డ్. నిజానికది రాగి, జింకు కలిపిన లోహం. రాగి, జింకు కలిస్తే ఏమవుతుందో మా ఇంట్లో చిన్నపిల్లను అడిగినా చెప్తుంది. ఇత్తడి.

మా మామ లోహానికి షేక్‌స్పియర్ నాటకంలో పేరుంది. ఆ రాత్రి బండిలో ఎవరికైనా చెప్పాలని ఎంత అనిపించిందో! పక్కన కూర్చున్నది ఘన్‌పూర్‌లో దిగే కూరగాయల అవ్వ. ఆమెకే చెప్పాను. ఓపికగా విన్నది.

తర్వాత కొన్నేళ్లపాటు మెరుపు మాటలన్నిటి వెంటా పడ్డాను. కొన్ని చప్పగా తేలాయి. కొన్ని మాత్రం వదల్లేదు. పండుగలకు కట్టే మెరుపు తోరణాన్ని టిన్సెల్ అంటారు కదా, దాని మూలం పాత ఫ్రెంచిలో నిప్పురవ్వ. లాటిన్‌లో సింటిల్లా. సింటిలేటింగ్ అన్న మాట కూడా ఆ రవ్వ నుంచి రాలిందే. ఇంకోటి సీక్విన్. చీరలకు, జాకెట్లకు కుట్టే చమ్కీ. అరబీలో నాణెం ముద్ర కొట్టే అచ్చును సిక్కా అంటారు. ఆ మాట ఇటలీకి పోయి టంకసాలకు జెక్కా అని పేరయింది. అక్కడ కొట్టిన వెనిస్ బంగారు నాణెం జెక్కినో. అది ఫ్రెంచివాళ్ల నోట సీక్విన్ అయింది. నాణెంలా గుండ్రంగా మెరిసే బిళ్లకు చివరికి ఆ పేరే మిగిలింది. అదే సిక్కా ఇటువైపు మన దాకా కూడా వచ్చింది. మా నానమ్మ లెక్క చెప్పేటప్పుడు ‘హాలీ సిక్కా’ అనేది. నిజాం రూపాయి. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు సర్కారు రూపాయలు. 1950లు ముగిసేదాకా అది మా దిక్కు చలామణిలో ఉంది. చార్మినార్ బొమ్మ ఉన్న వెండి సిక్కాలు కొన్ని నానమ్మ పెట్టెలో ఉండేవి. ఆమె మూటలోని రూపాయి, రవిక మీది చమ్కీ వరసకు అక్కాచెల్లెళ్లు.

మన మెరుపు మాటలు మాత్రం తక్కువవా? పళ్లెం తళతళలాడుతుంది. బంగారం ధగధగలాడుతుంది. చుక్కలు మిలమిల, జుట్టు నిగనిగ, చమ్కీ చీర జిగేల్. చప్పుడే లేని వెలుగుకు కూడా మనవాళ్లు చప్పుడులాంటి మాటే పెట్టారు.

ఇంతవరకు సంతోషమే. ఈ మాటకు తర్వాత పట్టిన గతి చదివినప్పుడు మాత్రం కష్టమనిపించింది. ఫ్రెంచిలో క్లింకంట్ అంటే ఇప్పుడు ఎక్కువగా పైపై తళుకు, చవక మెరుపు. 17వ శతాబ్దంలో బ్వాలో అనే ఫ్రెంచి కవి, లాటిన్ మహాకవి వర్జిల్ కవిత్వంలోని బంగారాన్ని వదిలి ఇటలీ కవి టాసో కవిత్వంలోని తళుకు రేకును మెచ్చుకునేవాళ్లున్నారని ఎత్తిపొడిచాడు. ఆ దెబ్బ టాసోకే కాదు, ఆ మాటకూ తగిలింది. మనకూ వేమన ఉన్నాడు. కంచు మోగినట్లు కనకంబు మోగునా? మోగేది తక్కువది, మోగనిది గొప్పది అని మనం బడిలోనే నేర్చుకుంటాం.

ఆ పద్యం మా బాపుకు చాలా ఇష్టం. బామ్మర్ది ఇంటికి వస్తే అదే ఆయన మొదటి అస్త్రం. ఒక దసరాకు, అన్నాలు తింటుండగా మళ్లీ అందుకున్నాడు. మామ ఆ రోజు ఊరుకోలేదు.

“కంచు మోగాలె బావా. మోగకపోతే గుడిల గంట ఎట్లయితది?”

బాపు నవ్వాడు. మామ ఆపలేదు. “మరి నీ దగ్గరికి పాత రూపాయి తెస్తే బండ మీద కొట్టి ఎందుకు జూస్తవు? ఖంగుమంటేనే వెండి అంటవు. బంగారు మొహరీ అయినా గంతే గదా.”

బాపు చేసేది నిజంగా అదే. పాత రూపాయి ఎవరైనా తెస్తే గడప బండ మీద జారవిడిచి చెవి పెట్టేవాడు. ఖంగున మోగితే వెండి, మొద్దుగా పడితే కల్తీ. గీటురాయి బయటికి తీసేది ఆ తర్వాతే. ఆ పూట బాపు జవాబు చెప్పలేదు కానీ మామ విస్తట్లో ఇంకో గారె వేయమని అమ్మకు సైగ చేశాడు. మా ఇంట్లో ఓటమి ఒప్పుకోవడం అట్లానే ఉండేది.

గిల్టు నగ అంటే ముఖం చిట్లించేవాళ్లను చూస్తే నాకు అమ్మ గుర్తొస్తుంది. ఒక ఏడు వానలు ఎగ్గొట్టాయి. రైతు చేతిలో పైసలుంటేనే అవుసులాయనకు పని. ఆ ఏడు బాపు కుంపటి చాలా రోజులు చల్లగానే ఉంది. అమ్మ మెడలో పుస్తెలు తప్ప మిగతావన్నీ ఒక్కొక్కటిగా పోయాయి. సద్దుల బతుకమ్మ నాలుగు రోజుల్లో ఉందనగా మామ వచ్చాడు. సంచీలోంచి పాత గుడ్డలో చుట్టిన పట్టెడ తీశాడు. ఎర్ర మఖ్మల్ పట్టీ మీద వరసగా కుట్టిన పలచటి ఇత్తడి రేకులు. ఒక్కో రేకు తంగేడు పువ్వంత. ప్రతి దాని మీదా పూరేకులు ఐదు, నడిమధ్యలో ఉలి మొనతో వేసిన చుక్కలు. రేకు కింది భాగం పట్టీకి కుట్టకుండా వదిలేశాడు, ఒకదానికొకటి తగలడానికి.

ఆ సాయంత్రం చెరువు కట్ట మీద అమ్మ అది పెట్టుకొని ఆడింది. బతుకమ్మలో ముందుకు వంగి చప్పట్లు కొట్టి లేస్తారు కదా, వంగినప్పుడు రేకులన్నీ మెడ మీద నుంచి ముందుకు వాలేవి, లేచినప్పుడు వెనక్కి పడేవి. చప్పట్ల వెంట గలగలమని సన్నటి మోత. మధ్యలో తాంబాళాల్లో గునుగు, తంగేడు, దీపాలు. దీపం వెలుగు ఆ రేకుల మీద పడి చెదిరేది. పక్కింటావిడ అడిగింది, “గిల్టా అక్కా?” అని. ఆమె మనసులో చెడు లేదు, చూసింది అడిగింది. అమ్మ తల ఎత్తి, ఆ గుంపులో అందరికీ వినబడేటట్టు “మా తమ్ముడు కొట్టిండు” అన్నది.

బ్వాలోకు ఆ కట్ట మీద నిలబడే అవకాశం రాలేదు. అమ్మ మెడలో ఉన్నది బంగారం కాదని అమ్మకు తెలుసు, మామకు తెలుసు, ఆడుతున్నవాళ్లందరికీ తెలుసు. ఎవరినీ మోసం చేయడానికి చేసిన మెరుపు కాదది. అన్నం చాలని ఏడు, పండుగ మానుకోని మనుషుల మెరుపు. బంగారం అన్న మాటను మా నేల మీద మేము ఎట్లా వాడతామో చూడండి. దసరా సాయంత్రం జమ్మి ఆకును చేతిలో పెట్టి ‘బంగారం’ అంటాం, పెద్దల కాళ్లు మొక్కుతాం. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం తూచి ఇస్తారు, అది బెల్లం. ఆకును, బెల్లాన్ని బంగారమని మనస్ఫూర్తిగా పిలిచే చోట ఇత్తడిని తక్కువ చేసి మాట్లాడితే నేను ఒప్పుకోను.

మోతా మెరుపూ ఒకే చోట ఉండే ఇంకో సంగతి కూడా చెప్పాలి. అదీ మా పాత వరంగల్ జిల్లాదే. రామప్ప గుడి. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గుడి చూరు కింద వంగి ఉన్న ఆడబొమ్మలు, మదనికలు, నల్లరాయితో చెక్కినవి. డోలరైట్ అంటారు. ఎనిమిది వందల ఏళ్ల ఎండావానా తిన్నా ఆ బొమ్మల నున్నదనం, నిగనిగ పోలేదు. లోపల గర్భగుడి వాకిలి పక్కన వేణువూదే కృష్ణుడి బొమ్మ ఉంది. అక్కడి గైడు వేలితో మీటితే రాయి మోగుతుంది. ఒక్కో చోట ఒక్కో స్వరం. మామను ఒకసారి అక్కడికి తీసుకుపోయాం. అందరూ మదనికల అందం చూస్తుంటే ఆయన ఆ కృష్ణుడి దగ్గరే నిలబడి గైడును మళ్లీ మీటమన్నాడు. మళ్లీ మళ్లీ. “గట్టి రాయి. అందుకే మోగుతాంది, అందుకే మెరుస్తాంది” అన్నాడు. రెండింటికీ కారణం ఒకటే. రాయి సందుల్లేకుండా బిగిసి ఉంటేనే నున్నగా సాన పడుతుంది, బిగిసి ఉంటేనే దెబ్బకు పలుకుతుంది. ఇత్తడి దగ్గర నేర్చుకున్నదాన్ని రాతి దగ్గర పోల్చుకోవడానికి ఆయనకు నిమిషం పట్టలేదు.

క్లింకంట్ సంగతి ఆయనకు నేను డిగ్రీలో ఉన్నప్పుడే చెప్పాను. లక్క కాచుతూ విన్నాడు. రాజులు, మైదానం, జరీ డేరాలు అన్నీ ఊకొట్టాడు. ఆ మాట ముందు మోత నుంచి పుట్టి తర్వాత మెరుపు అయిందని చెప్పేసరికి మాత్రం గరిటె ఆపి నా దిక్కు చూశాడు. “మరి గట్లనే గదా అయ్యేది. ముందుగాల మోగుతది, ఆఖర్ల మెరుస్తది” అన్నాడు. ఆయన పనిలో వరస అదే. సుత్తి మోత రోజుల తరబడి ఉంటుంది, చింతపండు మెరుపు చివరి పూట వస్తుంది.

మామ ఇప్పుడు లేడు. ఆయన కొడుకు అదే ఇంట్లో, కొంచెం పెద్ద చేసిన వసారాలో పని చేస్తున్నాడు. పాలిష్‌కు మెషీన్ వచ్చింది. రేకు నల్లబడకుండా పైన లక్కర్ కొడుతున్నారు. గుడి పని కంటే గోడకు తగిలించే బొమ్మలు, సన్మానాలకు ఇచ్చే జ్ఞాపికలే ఎక్కువ అమ్ముడవుతున్నాయని చెప్తాడు. పిల్లలు ఈ పనిలోకి రావడం తగ్గింది. రోజుకు ఎంత వస్తుందన్నది తేలకపోతే ఎవరు మాత్రం వస్తారు? ఈ మధ్య వెళ్లినప్పుడు ఒక రేకును మూల పట్టుకొని ఎత్తి గోటితో కొట్టాడు. నేను పక్కన ఉన్నానన్న ధ్యాస కూడా లేదు, చెవి పెట్టి విన్నాడు, తల ఊపి పొయ్యి దిక్కు నడిచాడు.

కొమురవెల్లి దిక్కున ఒక ఊరి గుడికి ధ్వజస్తంభం తొడుగు చేస్తున్నాడిప్పుడు. నిలువెత్తు రేకులు, ఒక్కోదాని మీద గంటల వరస. ప్రతిష్ఠ ఎండాకాలంలో. మా అమ్మకు ఎనభై దాటాయి. మోకాళ్ల నొప్పులు, బస్సు ఎక్కలేదు, అయినా తీసుకుపొమ్మని ఇప్పటినుంచే పోరు పెడుతోంది. తమ్ముడి కొడుకు కొట్టిన రేకు ఎక్కుతుంటే చూడాలట. కారు మాట్లాడాను.